అన్నయ్య రాతిమీద ఇంగ్లీషు వాక్యం

ఆ ఫోటో ఫోనుకి వచ్చినప్పుడు నేను గుంటూరులో మా ఇంటి వరండాలో పేపరు చదువుకుంటున్నాను. పంపింది మా అన్నయ్య అల్లుడు. చీమకుర్తి నల్లరాయి, నిగనిగలాడుతోంది. పైన శిలువ, దాని కింద అన్నయ్య ముఖం, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అడుగున, పేరుకంటే పెద్ద అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒక వాక్యం: "హి త్రూ కాషన్ టు ద విండ్." ఫోటో కింద మెసేజి. "మామయ్యగారూ, మీరు ఇంగ్లీషు లెక్చరర్‌గా చేశారు కదా, స్పెల్లింగ్ ఒకసారి చూసి ఓకే చెప్పండి. ఏడాది ప్రార్థన కూడిక నాటికి రాయి పెట్టించేయాలి."

స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. తప్పంతా మిగతాదాంట్లో ఉంది.

ఆ జాతీయాన్ని నేను చాలా ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పాను. పరీక్షలో ఒక ప్రశ్న ఉండేది. కింది జాతీయాలకు అర్థం రాసి సొంత వాక్యాల్లో వాడుము, అని. ఈ జాతీయానికి అర్థం, ముందువెనకలు చూసుకోవడం మానేసి తెగించడం. మాటకు మాట పెడితే, జాగ్రత్తను గాలికి విసిరేయడం. సొంత వాక్యం అన్నారు గానీ ఎవరికీ సొంత వాక్యం ఉండేది కాదు. బజార్లో దొరికే గైడులో ఒకటి ఉండేది, ఒకాయన ఉద్యోగానికి రాజీనామా చేసి వ్యాపారం పెట్టాడని. దిద్దిన ప్రతి కట్టలోనూ ఆ ఒకాయనే రాజీనామా చేస్తూ ఉండేవాడు. వ్యాపారం ఏమైందో గైడు రాసినవాడు చెప్పలేదు, పిల్లలు అడగలేదు. ఒక్కసారి మాత్రం దర్శి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి వేరే వాక్యం రాసింది. మా నాన్న జాగ్రత్తను గాలికి విసిరేసి ఇంకో బోరు వేయించాడు, నీళ్లు పడలేదు, అని. ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేశాను. అర్థం తెలిసి వాడింది ఆ పిల్ల ఒక్కతే.

నిఘంటువు ప్రకారం ఆ మాట పొగడ్త కాదు, తిట్టూ కాదు. ఒక మనిషి జాగ్రత్తపడటం మానేశాడని చెప్పి ఊరుకుంటుంది. దాన్ని పొగడ్త చేసింది ఈమధ్య మైకులు పట్టుకున్నవాళ్లు. మనలో ఎవరైనా గాలికొదిలేశాడు అంటే, ఇంటినో పొలాన్నో పిల్లల్నో వదిలేశాడని, వాడి మొహం చూడబుద్ధి కాదని అర్థం. అదే పని చేసినవాడి గురించి ఇంగ్లీషులో చెబితే శాలువా కప్పుతారు.

మా అన్నయ్య కౌలు భూమిలో మిరప వేసేవాడు. నేను చూసిన మనుషుల్లో అంత జాగ్రత్తపరుడు ఇంకొకడు లేడు. అది గొప్ప గుణమని చెప్పడం లేదు. చాలాసార్లు విసుగు పుట్టేది. పొలం గట్టు మీద మోపెడ్ నడపడానికి కూడా హెల్మెట్ పెట్టుకునేవాడు. మోటారు స్టార్టర్ బటన్ వేలితో నొక్కేవాడు కాదు, ఎండిన కందికట్టెతో నొక్కేవాడు. ఆ కట్టె కోసం షెడ్డు గోడకి మేకు కొట్టి ఉండేది. పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం ఒకటి ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాలతో. ఎవరూ చదవరు. అన్నయ్య కళ్లజోడు తుడుచుకుని దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, అర్థం కాని మాట దగ్గర ఆగి నాకు ఫోన్ చేసేవాడు. నేను క్లాసులో ఉన్నానంటే, "ఒక్క నిమిషం బయటికి రారా, మందు కలపకుండా ఆగి కూర్చున్నాను" అనేవాడు. వదినతో పట్నం వస్తే, బస్సు దిగాక ఆవిడ రోడ్డు దాటి అవతల నిలబడి అరుస్తూ ఉండేది. ఈయన ఇవతల నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉండేవాడు.

ఊరు ఎక్కువగా నవ్వింది పట్టాల గురించి. కోసిన మిరపకాయని కళ్లంలో పరిచి ఎండబెడతారు. వానొస్తే టార్పాలిన్ పట్టాలు కప్పుతారు. రాత్రి మంచుకి కాయ రంగు మారకుండా రోజూ కప్పాలని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు గానీ, చాలామంది వినరు. సాయంత్రం కప్పడం ఒక చాకిరీ, పొద్దున్నే తీయడం ఇంకో చాకిరీ. అన్నయ్య రోజూ కప్పేవాడు. మబ్బు తునక లేకపోయినా కప్పేవాడు. అంచుల వెంట ఇసుక మూటలు, మూలల్లో రాళ్లు. ఊళ్లో ఆయనకి పట్టాలోడని పేరు పడింది.

పక్క కళ్లం రైతు ముస్లిం, అన్నయ్యకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు. పొద్దుగూకే వేళ ఆయన తన కళ్లంలో మంచం మీద కూర్చుని కేకేసేవాడు.

"ఏం బావా, చుక్కలు రాలి కాయ మీద పడతయ్యనా?"

"మంచు పడుద్ది."

"మంచుకే ఇంత చేస్తే, రేపు వానొస్తే కాయని ఇంట్లో పడుకోబెట్టి నువ్వు వాకిట్లో పడుకుంటావా?"

"పడుకుంటా. నీకేం నొప్పి?"

"నాకేం నొప్పి! మా చెల్లెలికి నొప్పి, ఆ మూటలు మోయలేక."

వదిన ఇవతల నుంచి, "బాగా చెప్పు అన్నయ్యా, నా మాట ఎటూ వినడు" అని అందుకునేది. ఇది స్నేహం. దీనికి అన్నయ్య నవ్వేవాడు. మా బంధువుల మాటలకి మాత్రం నవ్వేవాడు కాదు. మా వాళ్లలో ధైర్యవంతులు ఎక్కువ. వాళ్ల ధైర్యం గురించి పెళ్లి భోజనాల దగ్గర చాలాసార్లు విన్నాను. పిరికోడు, అందుకే పైకి రాలేదు అని అన్నయ్య ముందే అనేవాళ్లు. ఆయన విస్తరిలోకి చూస్తూ తినేవాడు.

ఆయన పోయిన రోజు జరిగింది చాలా చిన్న సంగతి. చావు గురించి రాసేవాళ్లని నేను చాలామందిని చదివాను. పిడుగు అనగానే వాళ్లు ఆకాశంతో, విధితో మొదలుపెడతారు. నాకు తెలిసింది అన్నయ్య స్నేహితుడు చెప్పినంత వరకే. మార్చి చివర, మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. అన్నయ్య అందరికంటే ముందే కాయ కప్పేశాడు. ఉరుములు మొదలయ్యాక ఇద్దరూ మోటారు షెడ్డులోకి వెళ్లారు. గాలికి ఒక పట్టా మూల లేచింది.

"ఆగు బావా, ఉరుముతుంది."

"మూలొక్కటే లేచింది. రాయి పెట్టొస్తా."

రాయి పెట్టాడు. లేచి నిలబడేలోపు పిడుగు పడింది. కాయ తడవలేదు.

ఇందులో సాహసం ఎక్కడుందో ఎంత వెతికినా నాకు కనపడలేదు. ఆయనకి పిడుగంటే భయం, కాయ తడుస్తుందన్నా భయం. ఆ నిమిషంలో రెండోది పెద్దదైంది. బతికినంతకాలం ఏ పని చేశాడో ఆ పని మీదే పోయాడు.

ఆదరణ కూడికలో పాస్టరుగారు వాక్యం చదివి, ప్రార్థన చేసి, త్వరగా ముగించారు. ఆయనకి నేను రుణపడి ఉన్నాను. తర్వాత బంధువులు లేచారు. పిరికోడన్న నోళ్లే అవి. ఒకాయన, మెరుపులకి ఎదురెళ్లిన మగాడు అన్నాడు. ఇంకొకాయన, గుండె ధైర్యంలో వాణ్ణి మించినోడు మా వంశంలో లేడన్నాడు. వాళ్లు అబద్ధం చెబుతున్నామని కూడా అనుకోలేదు. బతికున్నవాడికి ఇవ్వనిది పోయినవాడికి ఇవ్వడం వాళ్లకి తేలిక, వాడు తీసుకోవడానికి చెయ్యి చాపడు కాబట్టి. ఊరి మొదట్లో ఫ్లెక్స్ కట్టారు. ఆధార్ కార్డు ఫోటో తీసి పెద్దది చేసి, వెనక మెరుపులు పెట్టించారు. ఆ ఫోటోలో అన్నయ్య కెమెరాకే బెదిరినట్టు ఉంటాడు.

అల్లుడి సంగతి చెప్పాలి. నరసరావుపేటలో అతనికి ఒక ట్రైనింగ్ సెంటర్ ఉంది. మనిషి ఆలోచన మార్చుకుంటే జీవితం మారిపోతుందని అక్కడ నేర్పుతాడు. సెంటర్ వాళ్ల నాన్న కట్టించిన మేడలోనే, కింది అంతస్తులో. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది, ఇన్వర్టర్ పోతే జనరేటర్ ఉంది, మెట్ల దగ్గర మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంది. తన విషయంలో ఏదీ గాలికి వదిలే మనిషి కాదు. చెడ్డవాడు కూడా కాదు. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది.

అన్నయ్య పోయిన కొన్ని నెలలకి ఒక క్లాసుకి నన్ను ముఖ్య అతిథిగా పిలిచాడు. అన్నయ్య కూతురు మొహం చూసి వెళ్లాను. హాలు నిండా పత్తి రైతుల పిల్లలు, మిరప రైతుల పిల్లలు, ఉద్యోగాల కోసం తిరుగుతున్నవాళ్లు. తెర మీద మా అన్నయ్య, అదే ఆధార్ ఫోటో.

"ఫ్రెండ్స్, ఈయన మా మామగారు. ఒక మామూలు రైతు. పిడుగులు పడుతున్నాయి. అందరూ షెడ్డులో దాక్కున్నారు. ఈయన ఒక్కడే బయటికి నడిచాడు. వై? హి త్రూ కాషన్ టు ద విండ్! అందరూ గట్టిగా చెప్పండి!"

అందరూ గట్టిగా చెప్పారు. వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, మరి ఆయన చనిపోయారు కదండీ?"

"బాడీ చనిపోయిందమ్మా. మైండ్‌సెట్ చనిపోలేదు."

చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా కొట్టింది, మొహమాటానికి. నన్ను మాట్లాడమన్నారు. నేను మైకు తీసుకోలేదు. ఇవన్నీ పోయే మాటలే అనుకున్నాను. క్లాసు అయిపోతే మాట పోతుంది, ఫ్లెక్స్ రెండు వానలకి వెలిసిపోతుంది.

రాయి అలా పోదు. అందుకే ఆ ఫోటో చూశాక కుర్చీలో కూర్చోలేకపోయాను. వదిన, ఆ స్నేహితుడు, నేను, మా ముగ్గురి తర్వాత మా అన్నయ్య ఎలాంటి మనిషో చెప్పేవాళ్లు ఉండరు. ఆ వాక్యం ఉంటుంది. రాబోయే తరాలకి ఆయన గురించి తెలిసేది ఆ ఒక్క ముక్కే, అదీ అబద్ధం. అల్లుడికి ఫోన్ చేశాను.

"బాబూ, ఆ వాక్యం తీసేయండి."

"గ్రామర్ తప్పాండీ?"

"గ్రామర్ బాగుంది. అది నిజం కాదు."

"మామయ్యగారూ, మీరు లిటరల్‌గా తీసుకుంటున్నారు. అదొక ఇన్‌స్పిరేషన్ అండీ."

"మా అన్నయ్య పట్టా మూల కప్పడానికి వెళ్లాడు."

"అదేనండీ రిస్క్ అంటే!"

"మూల కప్పడమా?"

"చూడండి, మూల కప్పబోయి చనిపోయాడంటే ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి? నేను ఆయన్ని హీరోని చేస్తున్నాను. ఆయన కోసం ఇంకెవరైనా ఏమన్నా చేశారా?"

ఇంకెవరైనా అన్నది నన్నే. మర్యాదస్తుడు కాబట్టి అలా అన్నాడు. ఫోటోలో ఉన్నది నమూనా అనుకున్నాను, రాయి చెక్కించడం అప్పటికే అయిపోయిందని తర్వాతి మాటలో తెలిసింది. నన్ను స్పెల్లింగ్ అడిగింది మెచ్చుకుంటానని.

మర్నాడు పొద్దున బస్సెక్కి ఊరెళ్లాను. వదిన వాకిట్లో గోనెపట్టా మీద కాయ పోసుకుని, తెల్లబోయిన తాలుకాయలు ఏరి పక్కన వేస్తోంది. అన్నయ్య స్నేహితుడు అరుగు మీద టీ తాగుతున్నాడు. ఆయన రోజూ ఆ వేళకి వచ్చి కూర్చుంటున్నాడని, ఏమీ మాట్లాడడని, వదిన ముందే ఫోన్‌లో చెప్పింది.

"రా అబ్బాయ్, కూర్చో. రాయి మీద ఏదో ఇంగ్లీషులో రాయించారంట అల్లుడుగారు. పిల్ల చెప్పింది. ఏంటది?"

చెప్పాను. నిఘంటువులో ఎంత ఉందో అంతే చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"అంటే, జాగర్త లేకుండా పోయాడనా?"

"అలా అని మెచ్చుకుంటున్నాడు వదినా."

"అందులో మెచ్చుకునేదేంటి? పట్టా కప్పకుండా ఏనాడన్నా అన్నం ముందు కూర్చున్నాడా ఆ మనిషి? అన్నం చల్లారిపోతా ఉంటే మూటలు సర్దుకుంటా ఉండేవాడు. పెళ్లయిన కాణ్ణుంచి అందుకే తిట్టాను ఆయన్ని. వేరే దేనికీ తిట్టలేదు. ఇప్పుడు జాగర్త లేనోడని రాళ్ల మీద రాస్తారా?"

అరుగు మీద నుంచి స్నేహితుడు గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్లు చెప్పేదాంట్లో షెడ్డులో దాక్కున్నోణ్ణి నేనేగా. దాక్కున్నా. పిడుగులు పడతా ఉంటే దాక్కోక ఏం చేస్తారు? బావ కూడా దాక్కున్నాడు. నాకంటే ముందు."

"ముందా?" అంది వదిన.

"మొదటి ఉరుముకే దూరాడు చెల్లెమ్మా, తల మీద చెప్పులు పెట్టుకుని. రబ్బరు చెప్పులకి పిడుగు తగలదంట. ఎవడో చెప్పాడంట. నేను పడీ పడీ నవ్వాను."

వదిన నవ్వింది. ఏడాదిలో ఆవిడ నవ్వడం నేను చూడలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. కారం చేతులతో కళ్లు తుడుచుకోబోయి, ఆగి, భుజానికి తుడుచుకుంది. ఆయన తల తిప్పుకున్నాడు.

"ఈ సంగతి అల్లుడుగారికి చెప్పావా అన్నయ్యా?"

"చెప్పాను. ఆ పార్ట్ వద్దు అంకుల్ అన్నాడు."

వదిన గోనెపట్టా దగ్గర నుంచి లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. చాలాసేపు కడుక్కుంది. తిరిగి వచ్చి, "రాయి ఎప్పుడొస్తది?" అని మాత్రం అడిగింది.

ఏడాది కూడికకి ముందు రోజు వచ్చింది. ట్రాలీ ఆటోలో గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చారు. వెనక కారులో అల్లుడు, అన్నయ్య కూతురు. సమాధుల దొడ్డి గేటు దగ్గర మేము ముగ్గురం ఉన్నాం. వదిన ఆటో దగ్గరికి వెళ్లి రాయి మీద గడ్డి తీసి చూసింది. అన్నయ్య ముఖం మీద చెయ్యి పెట్టింది. తనకి చదవడం రాని కింది వాక్యాన్ని కూడా చూసింది.

"రాయి బాగుంది అల్లుడుగారూ. వెనక్కి తీసుకెళ్లండి."

"అత్తయ్యగారూ, చెక్కించిన రాయి వాళ్లు వెనక్కి తీసుకోరండీ."

"తీసుకోకపోతే మీ దగ్గరే ఉంచుకోండి."

"పోనీ ఆ లైన్ చెరిపిస్తాను."

"నల్లరాయి మీద చెక్కింది చెరుగుద్దా?"

అతను నా వైపు చూశాడు. దీని వెనక ఉన్నది నేనేనని అతని నమ్మకం. ఆడవాళ్లకి సొంతంగా కోపం వస్తుందని అతని సెంటర్‌లో నేర్పరనుకుంటాను.

"మరి ఆయన గుర్తుగా ఏదో ఒకటి ఉండాలి కదండీ అత్తయ్యగారూ."

"ఆయన నాకు గుర్తున్నాడు బాబూ."

అన్నయ్య కూతురు ఇద్దరి మధ్యా నిలబడి ఏడ్చింది. అక్కడ నాకు జాలేసింది ఆ పిల్ల మీదే. తండ్రి ముఖం ఉన్న రాయి అది. ఆటో వెనక్కి తిరిగినప్పుడు ఆ పిల్ల గేటు దాటి కొంతదూరం దాని వెనకే నడిచింది.

కూడిక సిమెంటు సమాధి దగ్గరే జరిగింది. ఆ పొద్దున వదినా, స్నేహితుడూ కలిసి సున్నం వేశారు. పేరూ తేదీలూ నేను నల్లరంగుతో రాశాను. నా చేతిరాత బ్లాక్‌బోర్డుకి అలవాటు పడింది, సమాధి మీద కొంచెం వాలింది. మా బంధువులకి ఇది నచ్చలేదు. ఏడాదైనా రాయి కూడా పెట్టలేదు, పిరికోడి ఇంట్లో ఖర్చన్నా భయమే అని భోజనాల దగ్గర అనుకున్నారు. ఆ మాట విని నాకు ప్రాణం కుదుటపడింది. హీరోని దించేసి, పాత మనిషిని వాళ్లే తిరిగి తెచ్చుకున్నారు.

నవంబరులో సమాధుల పండక్కి మళ్లీ వెళ్లాను. అందరూ తమతమవాళ్ల సమాధులు కడిగి సున్నాలు వేస్తున్నారు. వానలకి నా అక్షరాలు సగం పోయాయి, మళ్లీ రాయాలి. వదిన బక్కెట్లో సున్నం కలుపుతోంది. ఆవిడకి చెప్పాల్సిన సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అన్నయ్య కూతురు ఫోటో పంపింది. ఆ రాయిని అల్లుడు తన సెంటర్ గుమ్మం పక్కన నిలబెట్టించాడు. కింద లైటు కూడా పెట్టించాడు. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. సమాధి లేని చోట సమాధి రాయి. దాని ముందు నవ్వు మొహాలు, రెండు వేళ్లు పైకెత్తి.

చాలాసేపు ఆలోచించి, ఆవిడ సున్నం వేయడం మొదలుపెట్టాక చెప్పాను. ఆవిడ బ్రష్ ఆపలేదు.

"ఆయన అక్కడ లేడుగా" అంది.

నేను అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆవిడే మళ్లీ అంది. "సున్నం ఎక్కువ కలిపినట్టున్నా. మిగిలింది పారబోయకు అబ్బాయ్. మీ అమ్మ సమాధికి కూడా వేసి రా."